ఆరు దాటాకే బంతి

జురాంగ్ వెస్ట్ మైదానంలో ఆదివారం సాయంత్రం ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోవాలంటే స్కోరుబోర్డు దాకా వెళ్లక్కర్లేదు, రాజకుమారి గొంతు వింటే చాలు. "అటు కాదురా బాబూ, ఇటు, ఇటు!" అని కేక వినబడితే ఆవిడ కూతురాడే జురాంగ్ మైనాస్ టీమువాళ్లు వెనకబడ్డారని లెక్క. "అదీ! అలా వెయ్యాలి!" అంటే ముందున్నారని. అసలేమీ వినబడకపోతే ఆవిడ వాచీ చూసుకుంటోందన్నమాట. ఈ ఏడాది జరిగిన గొడవంతా ఆ వాచీ గురించే.

పాలకొల్లులో పుట్టిన మనిషి. పెళ్లై, మధుసూదనరావు గారి వెంట సింగపూరు వచ్చి పాతికేళ్లు దాటిపోయింది. ఆయన ఓడలు కట్టే కంపెనీలో డ్రాయింగులు గీసి గీసి ఈమధ్యే రిటైరయ్యారు. ఆవిడ ఇంకా బూన్ లేలో పసిపిల్లల బడికి వెళుతోంది. గదినిండా పిల్లలు ఎంత గోల చేస్తున్నా ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతది. ఆదివారం దానికి సెలవివ్వకుండా మైదానానికి పట్టుకొస్తుంది, అంతే తేడా.

నిజానికి ఆవిడకి ఆటలంటే గిట్టేవి కావు. టీవీలో క్రికెట్ పెడితే విసుక్కుని వంటింట్లోకి పోయే రకం. రెండేళ్ల కిందట కూతురు ఉజ్వల మంచినీళ్ల సీసా మర్చిపోతే, ఇచ్చేసి వచ్చేస్తానని వెళ్లింది. వెళ్లినావిడ ఎంతకీ తిరిగి రాలేదు. ఇంటికొచ్చాక చూస్తే గొంతు బొంగురుపోయింది, సీసా చేతిలోనే ఉంది.

ఉజ్వల ఆడేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. అమెరికా వాళ్ల ఫుట్‌బాలే, కాకపోతే గుద్దుకోవడాలూ పడెయ్యడాలూ ఉండవు. ప్రతివాళ్ల నడుముకీ రెండు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల పట్టీ లాగేస్తే ఆ పరుగు అక్కడితో సరి. బంతితో ఆ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ఆడా మగా కలిసే ఆడతారు. బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టి వాళ్లకి విసరడం ఆ మనిషి పని. రాజకుమారికి ఇది మొదటిరోజే బోధపడిపోయింది.

"పెళ్లి పంక్తిలో గరిటె పట్టుకున్నవాడన్నమాట," అంది భర్తతో. "వాడి చూపు ఆననిచోట కూర్చుంటే ఎంత చుట్టాలైనా కూర అందదు."

ఆ మాట మైనాస్ కెప్టెన్ నిశాంత్‌కి ఎంత నచ్చిందంటే, టీములో ఎవరు కొత్తగా చేరినా ఇప్పటికీ అదే చెబుతాడు. నిశాంత్ వాళ్ల పక్క బ్లాకు కుర్రాడే, బ్యాంకులో ఉద్యోగం. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది.

మైనాస్‌కి గరిటెలు రెండు. ఒకటి గోపీకృష్ణ. విజయవాడవాడు, ఐటీ ఉద్యోగం, భుజబలం బ్రహ్మాండం. బంతిని మైదానం ఆ చివరికి విసిరేసి, భారం దేవుడి మీద వేస్తాడు. రెండోది ఉజ్వల. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు, చెయ్యి అంత బలమైంది కాదు. కానీ కుడివైపు చూస్తూ ఎడమవైపు ఉన్నవాడికి అందించగలదు. శనివారం సాయంత్రం పులిహోరకి చింతపండు గుజ్జు ఉడికిస్తూ రాజకుమారి ఈ ఇద్దర్నీ తూచేది. గోపీ విసిరితే చప్పట్లొస్తాయి, ఉజ్వల విసిరితే పాయింట్లొస్తాయి అని పొయ్యి దగ్గర నిలబడి తనకి తానే తీర్పు చెప్పుకునేది. ఆట తెలిసినవాళ్లు ఎవరైనా అదే చెబుతారు. ఆవిడకి ఆట బాగా తెలుసు. వచ్చిన చిక్కల్లా ఆవిడకి రాహుకాలం అంతకంటే బాగా తెలుసు.

ఈ సీజన్ మొదటి మ్యాచ్‌కి నిశాంత్ ధైర్యం చేసి ఉజ్వలని మొదటినుంచీ దింపాడు. ఐదింటికి ఆట మొదలైంది. అవతలివాళ్లు కాచుకుని ఉండి, పిల్ల విసిరిన మూడో బంతినే మధ్యలో ఎగరేసుకుపోయారు. ఆ తర్వాత మైనాస్ కోలుకోనే లేదు. ఇంటికి రాగానే రాజకుమారి చెప్పులైనా విప్పకుండా గోడ మీద కేలండర్ దగ్గరికి వెళ్లింది. ఏటేటా పాలకొల్లు నుంచి తెప్పించుకునే కేలండరది.

"చూశావా! ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు. సరిగ్గా నట్టనడుమ పట్టుకున్నావు బంతి. ఇంకేం గెలుస్తారు?"

"అమ్మా, డోంట్ స్టార్ట్ లా," అంది ఉజ్వల సింగపూరు యాసలో. "అవతలి టీమూ అదే టైంలో ఆడారు కదా. వాళ్లకి లేదా రాహుకాలం?"

"వాళ్లకి తెలీదుగా. తెలిసినవాళ్లకే పట్టింపు."

ఉజ్వల నెత్తి కొట్టుకుంది. ఆ ఊపులోనే రాజకుమారి కూతురి చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఆరు దాటితేగానీ బంతి ముట్టుకోనని నా మీద ఒట్టెయ్," అంది. పిల్ల నవ్వింది, బతిమాలింది, కాసేపు అలిగింది, చివరికి వేసింది.

వేశాక మాత్రం తప్పదు. ఉజ్వలకి రాహుకాలమంటే నవ్వులాట గానీ, అమ్మ మీద ఒట్టంటే కాదు. చిన్నప్పుడు ఒకసారి "అమ్మ మీద ఒట్టు, ఇంక ఐస్‌క్రీం తినను" అని నోరుజారి, మర్నాడు ఐస్‌క్రీం బండి గంట వినగానే గుక్కపట్టి ఏడ్చింది. రాజకుమారి నవ్వి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాలే, తిను," అంది. గట్టు అంటే ఏమిటని అడిగింది పిల్ల. జురాంగ్ వెస్ట్‌లో గట్టు ఎక్కణ్ణుంచి తెచ్చేది? బ్లాకు ముందు వాననీళ్లు పోయే పెద్ద కాలవ ఉంటే దాని సిమెంటు అంచు చూపించి, అదే గట్టంది. అయితే నోటితో అంటే చాలదని, నువ్వే వెళ్లి అక్కడ పెట్టి రావాలని పిల్ల మొండికేసింది. రాజకుమారి కిందికి దిగి, నెత్తి మీంచి ఏదో తీసినట్టు తీసి, కాలవ అంచున పెట్టొచ్చింది. ఆనాటి నుంచీ వాళ్లింట్లో ఒట్టు తియ్యాలంటే అదే పద్ధతి.

ఈ ఆరు గంటల ఒట్టు వేయించుకున్న మర్నాడు రాజకుమారి నిశాంత్‌ని అతని బ్లాకు లిఫ్టు దగ్గర పట్టుకుని, "పిల్ల సెకండాఫ్‌లోనే దిగుతుంది, ఆరు దాటాక," అని చెప్పేసింది. ఎందుకని అడిగే ధైర్యం అతనికి లేదు. వారం వారం ఆవిడ పులిహోర తిని, పెరుగు వడలు తిని, ఆంటీకి ఎదురు చెప్పడం ఎలా? "ఓకే ఆంటీ," అన్నాడు.

ఆశ్చర్యమేమిటంటే మైనాస్ గెలవడం మొదలుపెట్టారు! ఫస్టాఫ్‌లో గోపీకృష్ణ దూరం దూరం విసిరి అవతలివాళ్లని మైదానమంతా పరుగులెత్తించేవాడు. వాళ్లు ఆయాసపడుతుండగా ఉజ్వల దిగి, చిన్న చిన్న విసుర్లతో పని కానిచ్చేసేది. ప్రతి ఏడూ అట్టడుగున ఉండే టీము ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయింది. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల ఎత్తు అద్భుతమని లీగంతా నిశాంత్‌ని మెచ్చుకున్నారు. అతను చెవులు ఎర్రబడేలా సిగ్గుపడి, "టీమ్ ఎఫర్ట్" అనేవాడు. అసలు సంగతి పాలకొల్లు కేలండర్‌కి తెలుసు.

రాజకుమారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మధ్యాహ్నమే వెళ్లి నీడలో ఉన్న బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసేది, అంటే సింగపూరు పద్ధతిలో చోటు ఆపుకునేది. అవతలి టీము తల్లులకి కూడా పులిహోర పెట్టేది, పెట్టిన చేత్తోనే వాళ్ల పిల్లల ఆటని తిట్టిపోసేది. షిప్‌యార్డులో పనిచేసే బాబ్జీ అంటే ఆవిడకి ప్రత్యేకంగా అభిమానం. సోంపేట నుంచి వచ్చాడు, కబడ్డీలో ఆరితేరినవాడు. వాడి నడుము పట్టీ లాగడం ఎవరి తరమూ కాదు. "పిన్నీ, అమ్మాయి బంతి ఇస్తే సాలు, నాను ఒగ్గను," అనేవాడు. ఆదివారం ఒక్కటే వాడికి సెలవు, ఆ ఒక్కటీ మైనాస్‌కే.

వేరే మైదానంలో పెట్టిన సెమీఫైనల్ కూడా గెలిచారు. ఆఖరి నిమిషంలో ఉజ్వల ముగ్గురి మధ్యలోంచి విసిరిన బంతి చూసి మైదానమంతా లేచి నిలబడింది. ఆ సాయంత్రం ట్రైన్‌లో ఇంటికెళుతూ రాజకుమారి గంటలా మోగుతూనే ఉంది. "చూశావా? ఆరు దాటి దిగావు, దక్కింది. ఆ ఘడియ మహిమ!"

ఉజ్వల మెల్లిగా అడిగింది. "అమ్మా, గెలిపించింది నేనా, గడియారమా?"

"రెండూనే," అంది రాజకుమారి తడుముకోకుండా.

పిల్ల నవ్వింది గానీ, మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. రాజకుమారికి ఎక్కడో కలుక్కుమంది. తప్పేమన్నానని మనసులో వాదించుకుంది, ఫైనల్ కూడా ఇలాగే అయిపోతే అన్నీ సర్దుకుంటాయనుకుంది.

ఫైనల్ సెరంగూన్ టీముతో. అందరికీ ఒకే రంగు బూట్లు, విడిగా ఒక కోచ్ కూడాను. మైనాస్ చేరి ఒళ్లు విరుచుకుంటుంటే నిశాంత్ ఫోను మోగింది. గోపీకృష్ణ ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాడు. భార్య చాందినికి నెల తక్కువుండగానే నొప్పులొచ్చేశాయట. టీమంతా ఒక్కసారి హో అని అరిచి కేరింతలు కొట్టారు. కొట్టాక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఫస్టాఫ్‌లో గరిటె పట్టేదెవరు?

నిశాంత్ ఉజ్వల దగ్గరికి వెళ్లాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "అమ్మ మీద ఒట్టేశాను. ఆరు దాటాలి."

"యూ బిలీవ్ దట్, ఆ?"

"రాహుకాలం బిలీవ్ చెయ్యను. కానీ అమ్మ నాకు ఒక్కతే కదా."

బెంచీ మీద కూర్చున్న రాజకుమారికి ఆ మాట స్పష్టంగా వినబడింది. వినబడనట్టు పులిహోర డబ్బా మూత సర్దింది.

చేసేది లేక నిశాంతే క్వార్టర్‌బ్యాక్‌గా నిలబడ్డాడు. పాపం, పరుగు బాగా వచ్చు, విసరడం రాదు. ఒక బంతి నేల మీద పడింది, ఇంకోటి తిన్నగా సెరంగూన్ వాళ్ల చేతుల్లో పడింది. చూస్తుండగానే పన్నెండు పాయింట్లు వాళ్లవి, మైనాస్‌కి సున్నా. బాబ్జీ గీత దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "పిన్నీ, ఉత్తినే పరిగెడతన్నాను. బంతి నా మొహం సూడ్డం నేదు."

ఉజ్వల గీత ఇవతల మోకాళ్లు ముడుచుకుని కూర్చుని గడ్డి పీకుతోంది. తన టీము ఓడిపోతుంటే, ఆపగలిగీ ఆపలేక కూర్చుంది. వెనక్కి తిరిగి తల్లిని చూడనైనా లేదు. చూసి ఉంటే రాజకుమారికి కాస్త తేలికగా ఉండేది.

"ఏవండీ," అంది పక్కన గొడుగు కింద కూర్చున్న భర్తతో. "ఆరు కావడానికి ఇంకా ఎంతసేపుంది?"

"అరగంట పైనే. ఆరుతో ఏం పని?"

"ఏం పనేమిటండీ! రాహుకాలం పోవద్దూ?"

మధుసూదనరావు గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "పోవడమేమిటి? ఇంకా రానే లేదు."

రాజకుమారి ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆయన తాపీగా చెప్పుకొచ్చారు. సూర్యుడు పొడిచినప్పట్నుంచి కుంకేదాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు, ఆదివారం ఆఖరి భాగం రాహుకాలం. కేలండర్ వాళ్లు ఆరింటికి తెల్లారుతుందని వేసి అచ్చేస్తారు. "మనకిక్కడ ఏడైతేగానీ తెల్లారదు కదా. పొద్దుగూకడమూ ఏడు దాటాకే. ఆ లెక్కన ఐదూ నలభైకి మొదలై ఏడు దాటేదాకా ఉంటుంది."

"మీకెప్పట్నుంచి తెలుసు ఇది?"

"వచ్చిన ఏడాది నుంచీ."

"మరి చెప్పరే!"

"ఏ ఊరి గడియారం ఆ ఊరిదేనని, కేలండర్లో ఉన్నది ఉన్నట్టు చూసుకోమని మా అమ్మ నీకు చెప్పింది. నువ్వు సరేనన్నావు. అత్తాకోడళ్లు అంత కలిసికట్టుగా ఉన్న విషయం అదొక్కటే, నేనెందుకు చెడగొట్టడం?"

ఫ్లాట్‌లో పాలు పొంగించిన ముహూర్తం, పిల్లని బడిలో వేసిన ఘడియ, ఆయన కొత్త ఉద్యోగంలో చేరిన పొద్దు, అన్నీ రాజకుమారి కళ్లముందు తిరిగాయి. ఏరి ఏరి రాహుకాలంలో చేసిన పనులెన్నో! అన్నీ లక్షణంగా జరిగాయి. ముందు గతుక్కుమంది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయితే ఇన్ని మ్యాచ్‌లూ..."

"రాహుకాలంలోనే గెలిచింది. ఓడిన ఆ ఒక్క రోజూ బంతి పోయింది ఐదుంపావుకి, శుభ్రమైన ఘడియలో," అన్నారాయన. "లెక్క ప్రకారమైతే ఇప్పుడే దింపి, సెకండాఫ్‌లో తీసెయ్యాలి."

"మీ లెక్క మీ దగ్గరే పెట్టుకోండి!" రాజకుమారి లేచి నిలబడింది. "అన్ని వారాలు రాహువుని పక్కన కూర్చోబెట్టుకుని గెలిచిన పిల్ల! దానికి ఘడియేమిటి, గాడిదగుడ్డేమిటి?"

అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్రైన్‌లో పిల్ల అడిగిన ప్రశ్న చెవిలో మళ్లీ వినబడింది. రెండూ కాదు, పిల్లే. మొదట్నుంచీ పిల్లే. పొయ్యి దగ్గర తను వంద సార్లు చెప్పుకున్న తీర్పు, పిల్లతో ఒక్కసారైనా అనలేదు.

మైదానానికి ఆ పక్కన కంచె, కంచె ఇవతల వాననీళ్ల పెద్ద కాలవ. రాజకుమారి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అటు పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తగలదని ఆరోజే తెలిసింది అందరికీ. కాలవ అంచు దగ్గర వంగి, నెత్తి మీంచి రెండు చేతులతో తీసినట్టు తీసి సిమెంటు మీద పెట్టింది. ఒక క్షణం ఆలోచించి, చేతి వాచీ కూడా విప్పి దాని పక్కనే పెట్టింది. అప్పుడు మైదానం వైపు తిరిగి, గదినిండా పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో కేకేసింది.

"ఉజ్వలా! ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానే! దిగు!"

ఆట ఆగిపోయింది. సెరంగూన్ వాళ్లు బిత్తరపోయి చూశారు. రిఫరీ ఏదైనా ప్రమాదం జరిగిందేమోనని కాలవ వైపు రెండడుగులు వేశాడు. ఉజ్వల మాత్రం చేతిలో గడ్డి పారేసి లేచింది. తల్లి ఎక్కడ నిలబడిందో చూసింది, కాలవ అంచు చూసింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయిన తీరు చూసి నిశాంత్ వెంటనే టైమౌట్ అడిగాడు.

ఆ తర్వాత చూడాలి ఆట! మొదటి బంతే బాబ్జీకి. వాడు నడుము మెలితిప్పి ముగ్గురిని తప్పించుకుని గీత దాటేసి, "ఇదీ లెక్క, పిన్నీ!" అని అక్కడ్నుంచే అరిచాడు. హాఫ్‌టైమ్‌లో గోపీకృష్ణ ఫోను చేశాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా కులాసా. ఎన్నింటికని అడిగింది రాజకుమారి అలవాటు కొద్దీ. పావు తక్కువ ఆరుకట. "రాహుకాలంలో పుట్టిందా! ఇంకేం, క్వార్టర్‌బ్యాకే అవుతుంది," అని తేల్చేసి అందరికీ పులిహోర వడ్డించింది.

సెకండాఫ్‌లో సెరంగూన్ వాళ్లు తేలిగ్గా లొంగలేదు. వాళ్లొకటి వేస్తే ఉజ్వల ఒకటి వేయించింది. ఆఖరికి ఒక్క విసురు మిగిలింది, మైనాస్ ఇంకా ఐదు పాయింట్లు వెనకే ఉన్నారు. అందరి కళ్లూ బాబ్జీ మీదే. సెరంగూన్ వాళ్లయితే ఇద్దరిని వాడికి అతికించినట్టు నిలబెట్టారు. ఉజ్వల వాడి వైపే చూసింది, వాడి వైపే చెయ్యెత్తింది. బంతి మాత్రం ఎడమ మూలకి వెళ్లింది. అక్కడ ఎవరూ పట్టించుకోని నిశాంత్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. విసరడం రాకపోయినా పట్టుకోవడం వచ్చు అతనికి. గీత అవతల రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు.

రాజకుమారి ఏమని అరిచిందో ఆవిడకే తెలీదు. మధుసూదనరావు గారు గొడుగు వదిలేసి చప్పట్లు కొడుతున్నారు. బాబ్జీ మైదానంలో పిల్లిమొగ్గలు వేస్తున్నాడు. ఉజ్వల అందర్నీ విడిపించుకుని, చెమటతో మట్టితో వచ్చి తల్లి మీద పడింది.

"అమ్మా, టైమెంతయింది? రాహుకాలం ఉందా, పోయిందా?" అంది నవ్వుతూ, రొప్పుతూ.

రాజకుమారి అలవాటుగా మణికట్టు వైపు చూసింది. అక్కడ తెల్లటి గుర్తు తప్ప ఏమీ లేదు.

"ఏమోనే, వాచీ గట్టు మీదే ఉండిపోయింది," అంది. "నిన్నే చూస్తూ కూర్చున్నాను."